61 ఏళ్లకు ఓపెన్ టెన్త్: లెక్కలు తీసుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న: సీతాఫల్‌మండి టైలర్

అందరికీ నమస్కారం. నేను ఫోనులో మాట్లాడుతుంటే టైపవుతోంది, తప్పులుంటే మన్నించండి.

నాకు 61 ఏళ్లు. సీతాఫల్‌మండిలో 34 ఏళ్లుగా బ్లౌజులు, లంగాలు కుడుతున్నాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. 1979లో తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాను, ఆ వేసవిలోనే పెళ్లి చేశారు. పదో తరగతి పుస్తకాలు అన్నయ్య అప్పటికే పాతవి కొని తెచ్చాడు. కూర్చుని అట్టలు కూడా వేసుకున్నాను. వాటిని ఒక్కసారి తెరవకుండానే అత్తారింటికి వెళ్లిపోయాను.

మా ఆయన పోయి మూడేళ్లు. పిల్లల బాధ్యతలు తీరాయి. ఇప్పుడు ఓపెన్ టెన్త్ కట్టాలనుకుంటున్నాను. వివరాలు అడగడానికి ఒక సెంటరుకు వెళ్తే అక్కడున్నాయన, "ఈ వయసులో లెక్కలెందుకమ్మా, హోం సైన్స్ పెట్టుకో, పాసైపోతావు" అన్నాడు. మా అబ్బాయి కూడా అదే అంటున్నాడు. నేను టెన్షన్ పడతానని వాడి భయం. వాడిని తప్పు పట్టను.

కానీ నాకు సర్టిఫికెట్టుతో పనేమీ లేదు. ఉద్యోగం చేయబోను. నాకు లెక్కలే కావాలి. ఎందుకో చెప్తాను.

అంబ్రెల్లా లంగా కత్తిరించేటప్పుడు నడుము కొలతని 6తో భాగించమని నాకు పని నేర్పిన మాస్టర్ చెప్పారు. నడుము 30 అయితే 5 అంగుళాలు. గుడ్డని నాలుగు మడతలు వేసి, మూల నుంచి 5 అంగుళాలకు గుండ్రంగా గీత గీసి కత్తిరిస్తాం. తర్వాత టేపు పెడితే 30 రాదు, ఎప్పుడూ ఇంచు పైనే ఎక్కువ వస్తుంది. ఆ లూజును పట్టీ కుట్టేటప్పుడు సర్దేస్తాం. గుడ్డ ఏటవాలుకు సాగుతుంది కదా, అందుకే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. మొన్న ఒక పిల్లకు నేర్పిస్తూ న్యూస్ పేపరు మీద కత్తిరించి చూపించాను. పేపరు సాగదు. అయినా 31న్నర వచ్చింది. "ఎందుకు ఆంటీ?" అంది ఆ పిల్ల. నాకు తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 34 ఏళ్లు చేసిన పనిలో ఎందుకు అనే మాటకు నా దగ్గర జవాబు లేదు. అది పదో తరగతి పుస్తకంలో ఉంటుందేమోనని నా ఆశ.

కష్టం ఏమిటంటే, రాత్రి చదివింది పొద్దున్నకు ఉండట్లేదు. లెక్కలో ఎక్స్ అనే అక్షరం కనిపిస్తే చేతులు చల్లబడుతున్నాయి. ఈ వయసులో లెక్కలు నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చదివారో చెప్పండి. తీసుకోమంటారా, వదిలేయమంటారా?

జవాబు 1: ఉప్పల్ నుంచి

అక్కా, నేను ఆఫీసులో అటెండర్‌ని. టెన్త్ లేక ప్రమోషన్ ఆగిపోతే 49 ఏళ్లకు ఓపెన్‌లో కట్టాను. లెక్కలు రెండుసార్లు పోయాయి, మూడోసారి పాసయ్యాను. కాబట్టి తీసుకో.

పై వయసుకు పరిమితి లేదు, ఎవరేమన్నా పట్టించుకోకు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని కూడా లేదు. ఒకసారి అడ్మిషన్ తీసుకుంటే ఐదేళ్లు ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడతారు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. నేనైతే ముందు తెలుగు, సోషల్ రాసేశాను. లెక్కలు ఒక్కటీ చివరికి ఉంచుకుని దాని మీదే కూర్చున్నాను. నువ్వు అప్లికేషన్ పెట్టేటప్పుడే లెక్కలు రాయించు, తర్వాత మార్పించుకోవడానికి తిరగాలి.

ఒక్క సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నీకు చెప్తున్నా. చదవడం కంటే రాయడం కష్టమైంది నాకు. ముప్పై ఏళ్లు సంతకం తప్ప పెన్ను పట్టలేదు. మొదటి పరీక్షలో గంట గడిచేసరికి బొటనవేలు కొంకర్లు పోయింది. తెలిసిన జవాబులు కూడా వదిలేసి వచ్చాను. ఇవాళ్టి నుంచే రోజూ రెండు పేజీలు రాయి, ఏదైనా సరే. దేవుడి పాటలైనా రాయి.

జవాబు 2: వనస్థలిపురం, రిటైర్డ్ లెక్కల మాస్టారు

చెల్లెమ్మా, నీ ప్రశ్న మూడుసార్లు చదివాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 33 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఇలాంటి ప్రశ్న నన్ను అడిగిన విద్యార్థి గుర్తు రావడం లేదు.

ముందు ఎక్స్ సంగతి. 38 ఛాతీకి బ్లౌజు ముందు ముక్క ఎంత వెడల్పు తీస్తావు? నాకు తెలిసినంతవరకు నాలుగో వంతు తొమ్మిదిన్నర, దానికి కుట్టుకీ లూజుకీ ఒకటిన్నర కలిపి 11. కస్టమర్ మారితే ఛాతీ కొలత మారుతుంది, చేసే పద్ధతి మారదు. ఇంకా కొలత తీసుకోని ఆ కస్టమర్ పేరే ఎక్స్. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఇప్పుడు తిరగేసి అడుగుతాను. ఎవరో పాత బ్లౌజు కుట్లు విప్పి పంపారు, ముక్క వెడల్పు 12 ఉంది. ఆమె ఛాతీ ఎంత? జవాబు ఇక్కడ రాయి. దాన్నే పుస్తకంలో సమీకరణం సాధించడం అంటారు.

లంగా సంగతి పదో తరగతి వరకు ఆగక్కర్లేదు. వృత్తం చుట్టుకొలత కావాలంటే వ్యాసార్థాన్ని రెండుతో హెచ్చించి, మళ్లీ పై అనే సంఖ్యతో హెచ్చించాలి. పై అంటే సుమారు 22 బై 7, అంటే 3.14. రెండు పైలు 6.28. మీ మాస్టర్ గుర్తుండటానికి దాన్ని 6 చేసి చెప్పారు. 5ని 6.28తో హెచ్చించు, 31.4 వస్తుంది. నీ టేపు అబద్ధం చెప్పలేదు. 30 కచ్చితంగా రావాలంటే 30ని 6.28తో భాగించాలి. సుమారు 4.77 వస్తుంది, అంటే నాలుగూ ముప్పావు దాటి వెంట్రుకవాసి. న్యూస్ పేపరు మీద చేసి చూడు.

మరపు గురించి. మన వయసులో కొత్తది ఎక్కడానికి టైం పడుతుంది, అది నిజం. కానీ ఉన్నదానికి ముడివేస్తే తొందరగా ఎక్కుతుంది, నీ దగ్గర ముడివేయడానికి 34 ఏళ్ల పని ఉంది. రాత్రి చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదవకు. పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయి. గుర్తు రాకపోతే కాసేపు తన్నుకులాడు, తర్వాతే పుస్తకం తెరువు. ఆ లెక్కే మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి చెయ్యి. పొద్దున్న షాపు తెరిచే ముందు అరగంట చాలు. కళ్లజోడు పవర్ ఈమధ్య చూపించుకోకపోతే ముందు ఆ పని చెయ్యి. చిన్న అక్షరాలు కనపడక, అర్థం కావట్లేదనుకునేవాళ్లు చాలామంది.

జవాబు 3: నెల్లూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డాను

అక్కా, మాస్టారు చెప్పింది నేను కళ్లారా చూశాను. 1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పుడు నాకు 22, రాత్రి బడిలో వాలంటీర్‌గా చెప్పేదాన్ని. లాంతరు చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్లు, పగలంతా నాట్లు వేసి వచ్చినవాళ్లు. అ, ఆ అని వరసగా చెప్తుంటే సగం మంది కునికేవాళ్లు. పాఠంలో సారా మాట వచ్చిన రోజు మాత్రం ఎవరికీ నిద్ర రాలేదు. ఒకావిడ ఆ ఒక్క మాటనీ పలక మీద రాసి చెరిపి, రాసి చెరిపి, ఇంటికి వెళ్లేసరికి చూడకుండా రాసేసింది. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని అప్పట్లో ఊరూరా చెప్పుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆపేశారు.

ఆ అమ్మలెవరికీ చదువు వయసు దాటిపోలేదు. వాళ్ల బతుకులో మాట పాఠంలోకి రావాలి, అంతే. మీకు ఆ లంగా గీత అలాంటిదే. ఎవరు వద్దన్నా లెక్కలు వదలకండి. మీరు సీతాఫల్‌మండిలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. ఇంట్లో కుదరకపోతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కూర్చోండి. పోటీ పరీక్షల పిల్లలు పొద్దుటి నుంచి అక్కడే చదువుతుంటారు, వాళ్ల మధ్య మనకూ చదువు సాగుతుంది. ఆధార్ చూపిస్తే బస్సు కూడా ఫ్రీయే కదా.

ప్రశ్న అడిగినవారు: సీతాఫల్‌మండి టైలర్

మాస్టారూ, 42. పన్నెండులో ఒకటిన్నర తీసేస్తే పదిన్నర, నాలుగుతో పెంచితే 42. పాత బ్లౌజులు వచ్చినప్పుడు ఇది నేను రోజూ చేసేదే. దీనికి ఒక పేరుందని తెలియదు.

ఉప్పల్ తమ్ముడూ, నిన్న రాత్రి ఒక పేజీ రాశాను. నువ్వన్నట్టే వేలు పట్టేసింది. ఇవాళ రెండు రాస్తాను. నెల్లూరు చెల్లీ, పలక మీద ఆవిడ సంగతి చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

పొద్దున్న షట్టర్ సగమే ఎత్తి, లోపల కూర్చుని పేపరు నాలుగు మడతలు వేశాను. నాలుగూ ముప్పావు దాటి వెంట్రుకవాసికి సుద్దతో గీశాను. కత్తిరించి, విప్పి, టేపును నిలబెట్టి అంచు చుట్టూ తిప్పాను. 30 దగ్గర కలిసింది. నమ్మకం లేక ఇంకోసారి తిప్పాను. మళ్లీ 30.

ఆ పేపరును కొలతల పుస్తకంలో పెట్టాను. సాయంత్రం ఆ పిల్ల వస్తుంది, చూపించాలి. సోమవారం వెళ్లి అప్లికేషన్‌లో లెక్కలు రాయిస్తాను. మాస్టారూ, పై 22 బై 7 అన్నారు కదా, ఆ 22, ఆ 7 ఎక్కడి నుంచి వచ్చాయి?