ఉత్తరపు కిటికీ గదికి ముదురు నీలి-బూడిద రంగు: ఎంత పెయింటు, ఏ ఫినిష్?

గోడమీదపిల్లి:
బెడ్‌రూం 12×11 అడుగులు, ఎత్తు 10. ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు. ఇప్పుడు క్రీం ఎమల్షన్ ఉంది. నాలుగు గోడలకూ ముసురు పట్టిన మబ్బు రంగు వేయించాలి. పెయింటరు సాటిన్ (కాస్త మెరిసేది) అంటున్నాడు, నాకేమో మ్యాట్ (మెరుపు లేనిది) ఇష్టం. ఎన్ని లీటర్లు తెప్పించాలి?

లప్పంమేస్త్రి:
2×(12+11)×10 అంటే 460 చదరపు అడుగులు. తలుపూ కిటికీ పోతే సుమారు 410. లీటరుకు రెండు కోటింగులతో 120-140 వస్తుంది. ముదురు రంగుకి మూడో కోటింగు తప్పదనుకోండి, 5 లీటర్లు తీసుకోండి. 4 లీటర్ల బకెట్టు, లీటరు డబ్బా రెండూ ఒకేసారి కలిపించి, మొదలుపెట్టే ముందే పెద్ద బకెట్లో పోసి ఏకం చేయండి. మిషన్లో విడివిడిగా కలిపితే షేడు కాస్త తేడా రావచ్చు, గోడ మధ్యలో డబ్బా మారిస్తే అది తెలిసిపోతుంది.

ముదురు షేడ్లు కలిపే బేస్‌లో (షాపులో రంగు కలిపే మూల పెయింటులో) తెల్ల పిగ్మెంటు తక్కువ, అందుకే కింది క్రీం తొంగిచూస్తుంది. ప్రైమర్‌నే బూడిద రంగులో కలిపించండి, సగం తలనొప్పి పోతుంది.

సాటిన్ వద్దు. మెరుపున్న ముదురు రంగు మీద లప్పం ఎత్తుపల్లాలన్నీ లెక్కపెట్టొచ్చు. మామూలు మ్యాట్‌ని గట్టిగా తుడిస్తే అక్కడ నున్నబడి మెరుస్తుంది కాబట్టి కడగదగ్గ మ్యాట్ అడగండి. రాత్రి టార్చి గోడకి ఆనించి పక్కవాటుగా వేసి, నీడ పడ్డచోటల్లా పెన్సిలు గీత పెట్టండి. అక్కడ లప్పం పెట్టి, 180 నంబరు, తర్వాత ఇంకా నున్నటి 320 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దించండి. లప్పం పెట్టిన ప్రతి చోటా ప్రైమర్ పడాలి. లేకపోతే అది రంగు పీల్చేసుకుని మచ్చగా మిగులుతుంది.

వెలుగునీడ:
పై మాటలతో ఏకీభవిస్తాను, కానీ షేడ్ కార్డు చూసి రంగు ఖాయం చేయకండి. ఉత్తరపు వెలుతురు చల్లగా ఉంటుంది, నీలాన్ని ఇంకా నీలం చేస్తుంది. రెండడుగుల బోర్డు మీద రెండు కోటింగులు వేసి, పొద్దున, సాయంత్రం, దీపాల వెలుతుర్లో గోడ గోడకీ మార్చి చూడండి. నీలం ఎక్కువైతే బూడిద పాళ్లు పెంచిన షేడు అడగండి. 6500 కెల్విన్ (చల్లటి తెలుపు) ట్యూబులైటు కింద ఈ రంగు ఆసుపత్రి వార్డే! 2700-3000 కెల్విన్ (పసుపు వెలుతురు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్న బల్బులు రెండు మూడు చోట్ల పెట్టండి. సీలింగు తళతళ తెలుపు కాకుండా ఆఫ్ వైట్ నయం.

గోడమీదపిల్లి:
థాంక్సండీ. ఒక గోడ అవతల బాత్రూం. స్కర్టింగు పైన కొంచెం పొక్కులున్నాయి, గీకి వేసేయొచ్చా?

లప్పంమేస్త్రి:
ఆగండి. పొక్కులు గీకి, ఆ చోట ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో మూసి 24 గంటలుంచండి. షీటుకి గోడ వైపు చెమ్మ చేరితే నీరు గోడలోంచే వస్తోంది. ముందు బాత్రూం వాటర్‌ప్రూఫింగు, పైపులు చూపించండి. గోడ ఆరకుండా వేస్తే ఉప్పు బయటికొస్తుంది. క్రీం మీద అంతగా కనపడని తెల్లపొడి ఈ రంగు మీద సున్నం చల్లినట్టుంటుంది.

వేసే రోజు ఫ్యాను ఆపాలి. అంచులు బ్రష్‌తో ఒక్కో గోడకే వేసి, తడి ఆరకముందే రోలర్ కలపాలి. నాలుగు గోడల అంచులూ ముందే గీసేస్తే చుట్టూ ఫ్రేము కట్టినట్టు గీత మిగులుతుంది. నీళ్లు డబ్బా మీద రాసినంతే. కోటింగుకీ కోటింగుకీ 4 గంటలు. తర్వాత ఎక్కడైనా గీత పడితే ఆ ముక్కకే టచప్ చేయించకండి, మూల నుంచి మూలకి గోడంతా వేయించాల్సిందే. అందుకని అర లీటరు మిగిల్చి, మూత బిగించి దాచుకోండి.