ప్లైవుడ్ పడవ అడుగున మార్చుకోగల పట్టీ ఎలా బిగించాలి?

పేద మత్స్యకార కుటుంబాలు తామే కట్టుకుని, తామే బాగుచేసుకోగలిగే 5 మీటర్ల పడవ గురించి సలహా కావాలి. 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ముక్కల్ని రాగి తీగతో కుట్టి, మూలల్లో చెక్కపొడి కలిపిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ టేపు వేసే పద్ధతి. షీట్ల చివరల్ని ఏటవాలుగా చెక్కి, 48 మి.మీ. మేర ఒకదానిపై ఒకటి అతికిస్తాం. అక్కడిదాకా ఇబ్బంది లేదు.

చిక్కంతా అడుగునే. రోజూ ఇసుక మీద ఈడ్చేసరికి టేపు అరిగి ప్లైవుడ్ అంచు బయటపడుతుంది. ఆ అంచు నీరు పీల్చుకుని పొరలు విడిపోతాయి. పైన రంగు బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. ఎపాక్సీకి బదులు పాలిస్టర్ రెజిన్ చవకే కానీ చెక్కను సరిగా పట్టదు, పెచ్చులుగా లేస్తుంది. ఆదాయం తక్కువున్న వాళ్లకి అలాంటి పొదుపు చెప్పకూడదు.

అందుకే అడుగుకి బదులు అరిగేలా, అరిగాక మార్చేలా బయట ఒక పట్టీ బిగించాలనుకుంటున్నాం. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పట్టీ బాగా ఆగుతుంది, కానీ జిగురు పట్టదు. ఎండకి సాగుతుంది కాబట్టి దాని రంధ్రాలు కోలగా తీయాలి. స్క్రూ కోసం ప్లైవుడ్‌లో రంధ్రం పెద్దగా తొలిచి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక సన్నగా మళ్లీ తొలవాలి, లేకపోతే నీటికి అదే దారి.

6 మి.మీ. అడుగులో స్క్రూకి పట్టు చాలదు. లోపల 20 మి.మీ. మందం కర్ర అతికిస్తే సరిపోతుందా, ఆరపార బోల్టులే వేయాలా? పట్టీ కింద ఏం పూయాలి? పాలీయురెథేన్ సీలెంటు (నీరు దూరకుండా పూసే, గట్టిగా అంటుకునే రబ్బరు లాంటి ముద్ద) వాడితే, పట్టీ మార్చేటప్పుడు దాంతోపాటు ప్లైవుడ్ పొర కూడా ఊడొస్తుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.