చెయ్యి అతుక్కుంది, భయం పోలేదు: లోక్ అదాలత్‌లో సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

హిందూపురం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. పెళ్ళయినప్పటి నుంచి పదకొండేళ్ళుగా బెంగళూరులో కూడ్లు గేట్ దగ్గర ఉంటున్నాం. జయనగర్‌లో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. పోయిన సంవత్సరం, 2025 జూలైలో, పొద్దున తొమ్మిదింటికి స్కూటీ మీద వెళ్తుంటే హోసూర్ రోడ్డులో వెనక నుంచి నీళ్ళ ట్యాంకర్ గుద్దింది. ఎడమ చెయ్యి మీద పడ్డాను. ట్యాంకర్ ముందు చక్రం నా హెల్మెట్‌కి జానెడు దూరంలో ఆగింది. అది ఆగినప్పుడు బ్రేకులోంచి గాలి వదిలిన 'తుస్స్' మనే చప్పుడు, టైరుకి అంటిన తడి మట్టి వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మణికట్టు ఎముక విరిగితే ప్లేటు వేశారు. మూడు నెలలకు అతుక్కుంది, ఇప్పుడు నీళ్ళ బిందె కూడా ఎత్తుతున్నాను. రోడ్డు మాత్రం దాటలేను. ఈ ఊళ్ళో ఏ బస్సు ఆగినా అదే తుస్స్. వినపడగానే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడిపోతాయి. ఒకరోజు సిల్క్ బోర్డు దగ్గర బస్సు దిగి, అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. ఎవరో కన్నడ పెద్దావిడ నీళ్ళు తాగించి, నా ఫోన్ తీసుకొని మా ఆయనకు కబురు చేసింది. రాత్రి మూడింటికి ఉలిక్కిపడి లేస్తాను. ఎనిమిదేళ్ళ బాబుని స్కూల్ వ్యాన్ ఎక్కించి వెంటనే మొహం తిప్పుకుంటాను, వ్యాన్ కదలడం చూడలేక. ఆగస్టులో పసుపు లైన్ మెట్రో మొదలైంది కాబట్టి నా ఉద్యోగం నిలబడింది. అయినా స్టేషన్ దాకా మా ఆయన తోడు రావాలి. ఆయనకు కుదరని రోజు నాకు సెలవే. నెలకు ఆరేడు రోజుల జీతం పోతోంది.

మా అత్తగారు దిష్టి తీశారు, కదిరి నరసింహస్వామి గుడికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. ఆమె ప్రేమకొద్దీ చేశారు, నేను కాదనలేదు. నిద్ర మాత్రం రాలేదు.

యాక్సిడెంట్ అయిన నాలుగో నెలలో లాయర్ గారు క్లెయిమ్ వేశారు, ఎంవీసీ (మోటారు వాహన క్లెయిమ్) కేసు నంబరు పడింది. ఇన్సూరెన్స్ వాళ్ళు లక్షా అరవై వేలకు రాజీకి వస్తామంటున్నారు. ఆస్పత్రి బిల్లే లక్షా పన్నెండు వేలు అయింది. "ఎముక అతుక్కుంది కదమ్మా, వచ్చే లోక్ అదాలత్‌లో సంతకం పెట్టేయండి" అంటున్నారు లాయర్ గారు. ఈ భయం సంగతి చెప్తే, "అవన్నీ కోర్టులో పెడితే పిచ్చి అని రాస్తారు, మీకే చెడ్డపేరు" అన్నారు.

నేను అడిగేది ఒక్కటే. మనసుకు తగిలిన దెబ్బకు పరిహారం అడిగే హక్కు మన చట్టంలో ఉందా? లేక నేను డబ్బు కోసం ఆశపడుతున్నట్టా? మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు.

ఫైళ్ళ గుమాస్తా:

అమ్మా, మాది చిత్తూరు. బెంగళూరులో యాక్సిడెంట్ కేసులు చూసే లాయర్ల దగ్గర ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా చేశాను. ముందు మాట, ఇప్పుడే సంతకం పెట్టకండి. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ అదే చెబుతుంది. ఆ తర్వాత ఎంత జబ్బు బయటపడినా ఈ యాక్సిడెంట్‌కి మళ్ళీ అడగడానికి ఉండదు.

హక్కు సంగతి. మోటారు వాహనాల చట్టంలో క్లెయిమ్ నిలబడేది ఒంటికి గాయమైనప్పుడు. మీకు ఎముక విరిగింది కాబట్టి ఆ కేసులోనే మనసుకు తగిలిందీ అడగవచ్చు. ఒంటి మీద గీత కూడా పడకుండా, చూసి భయపడినవాళ్ళకు ఈ దారి చాలా కష్టం. 1995లో హట్టంగడి కేసులో సుప్రీంకోర్టు మానసిక షాక్‌ని కూడా పరిహారం లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో నొప్పి, బాధ, ట్రామా కింద ఇచ్చే డబ్బుని విడిగా ఒక పద్దుగా చూపించింది. అదే తీర్పులో ఇంకోటి ఉంది, మీకు అక్కరకొచ్చేది. డాక్టర్ ఎంత శాతం వైకల్యం రాశాడన్నది ఒక్కటే చాలదు, దానివల్ల ఈ మనిషి సంపాదన ఎంత దెబ్బతింది అన్నది ట్రిబ్యునల్, అంటే యాక్సిడెంట్ క్లెయిమ్‌లు తేల్చే కోర్టు, చూడాలి. అందుకని మీ జీతం కోత కాగితాలు అన్నీ పోగుచేయండి. షాపు యజమాని ఒక లెటర్ ఇస్తే ఇంకా మంచిది.

పిటిషన్‌లో తక్కువ అడిగామే అని దిగులు పడకండి. అడిగినదానికంటే న్యాయంగా ఎక్కువ వస్తుందనిపిస్తే ట్రిబ్యునల్ ఇవ్వవచ్చు, నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. నాలుగో నెలలో కేసు వేయడం మంచి పని. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది, ఇది చదివే మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోండి.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే మిమ్మల్ని బోనులో నిలబెట్టి ప్రశ్నించేటప్పుడు, ఇన్సూరెన్స్ లాయర్ మిమ్మల్ని అడిగేది ఇదే: "కేసు వేశాకే కదా మీకు ఈ జబ్బు వచ్చింది?" దానికి జవాబు నోటిమాటగా చాలదు. పాత చీటీలన్నీ వెతకండి. ఎముకల డాక్టర్‌కి నిద్ర పట్టడం లేదని ఎప్పుడైనా చెప్పారా?

కోలార్ తమ్ముడు:

అక్కా, నాదీ ఇలాంటిదే. బైక్ మీద వెళ్తుంటే లారీ గుద్దింది, కాలు విరిగింది. ఏడాదిన్నర బండి ముట్టుకోలేదు. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా యాక్సిడెంట్ కబురేమో అని ఒళ్ళు వణికేది. డాక్టర్ దగ్గరికి పోవడానికి సిగ్గేసింది, పోలేదు. కోర్టులో భయం గురించి చెప్పాను. "చూపించుకున్నారా?" అన్నారు అవతలి లాయర్. లేదన్నాను. తీర్పులో దాని గురించి ఒక్క వాక్యం రాశారు, ఆధారం లేదని. డబ్బు రాలేదన్న బాధ తగ్గిపోయింది. ఆ ఏడాదిన్నర నేను పడింది నిజం కాదన్నట్టు అయిపోయింది చూడు, అది మాత్రం ఇంకా గుచ్చుకుంటుంది. కేసు ఉన్నా లేకపోయినా నువ్వు ముందు డాక్టర్ దగ్గరికి పో అక్కా.

నైట్ డ్యూటీ సిస్టర్:

మానసిక వైద్యం వార్డులో తొమ్మిదేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను, మాది మదనపల్లె. మీరు రాసింది చదివితే ఇది పీటీఎస్‌డీలా, అంటే పెద్ద ప్రమాదం తర్వాత మనసులో నిలిచిపోయే భయం జబ్బులా ఉంది, అయితే తేల్చాల్సింది డాక్టర్ గారే. పెద్ద ప్రమాదం అయ్యాక మొదటి కొన్ని వారాలు ఇలా ఉండటం చాలామందిలో చూస్తాం. నెల దాటినా ఆ చప్పుడు, ఆ వాసన, ఉలికిపాటు, రోడ్డు తప్పించుకోవడం పోకపోతే అది వైద్యం అవసరమైన జబ్బు. పిచ్చి అనే మాటకూ దీనికీ సంబంధం లేదు. కొందరిలో నెలల తర్వాత గాని పూర్తిగా బయటపడదు, ఆలస్యం అయినంతమాత్రాన అబద్ధం అయిపోదు. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు ఇస్తారు. మా వార్డులో ఇలా వచ్చి మళ్ళీ బండి నడుపుకుంటూ పోయినవాళ్ళని చూశాను.

మానసిక వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి నిమ్హాన్స్ మీ హోసూర్ రోడ్డులోనే ఉంది. ఈలోగా రాత్రి మూడింటికి లేచినప్పుడు 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్‌కి కేసు నడుస్తోందని దాచకండి. ఉన్నది పెంచవద్దు, సిగ్గుపడి తగ్గించవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ రికార్డు కాపీ అడిగే హక్కు మీకు ఉంది, మీ సంగతి ఆస్పత్రి గోప్యంగా ఉంచాలి. ఒకటి మాత్రం తెలిసి చేయండి: మీరే కోర్టులో పెట్టిన కాగితాలు అవతలి లాయర్ చదువుతారు.

హిందూపురం ఆడపడుచు:

అందరికీ దండాలు. గుమాస్తా గారూ, మీ మాట చదివి ఆస్పత్రి కవరు మొత్తం మంచం మీద కుమ్మరించాను. కట్టు మార్చడానికి పోయిన రోజు చీటీ దొరికింది, యాక్సిడెంట్ అయిన పన్నెండో రోజుది. డాక్టర్ గారి రాత అర్థం కాక మెడికల్ షాపు అబ్బాయితో చదివించాను. "నిద్ర లేదు, ఉలికిపడుతోంది" అని ఉంది, కింద పది రోజులకు నిద్రమాత్ర. నాకు ఆ మాత్ర వేసుకున్నట్టు కూడా గుర్తు లేదు. ఆ చీటీ చేత్తో పట్టుకొని చాలాసేపు ఏడ్చాను.

లాయర్ గారికి ఇప్పుడు రాజీ వద్దని చెప్పాను. కొంచెం విసుక్కున్నారు. చీటీ ఫోటో పంపాక, "సరే, డాక్టర్ దగ్గర చూపించుకొని ఆ కాగితాలు తెండి, చూద్దాం" అన్నారు. మంగళవారం నిమ్హాన్స్‌కి వెళ్తున్నాం. బస్సు వద్దు, జయదేవ స్టేషన్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటో. మా ఆయన సెలవు పెట్టారు. అత్తగారు కూడా వస్తానంటున్నారు. తమ్ముడూ, నువ్వు కూడా ఇప్పటికైనా ఒకసారి చూపించుకో.