56 ఏళ్ల సారుకి ఇప్పుడు టెట్ ఎందుకు? (చర్చ)

పాత_సుద్దముక్క:
విషయం తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్లకు సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలి ఉంటే రెండేళ్లలో టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, పాసవ్వాలి, కాకపోతే ఇంటికి పోవాలి. అయిదేళ్లలోపు ఉన్నవాళ్లను వదిలేశారు. ప్రమోషన్ కావాలంటే మాత్రం వాళ్లూ రాయాల్సిందే.

నేను 1996 డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్ష) వచ్చినవాణ్ణి, హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. టెట్ అనేది పుట్టిందే 2010 ఆగస్టులో, టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌తో. అంతకుముందు చేరినవాళ్లకు ఆ నోటిఫికేషన్‌లోనే మినహాయింపు ఉంది. ఇప్పుడు రాయమనడం పెళ్లయి పిల్లలు పుట్టాక జాతకాలు చూస్తామన్నట్టుంది. పైగా పేపర్-2లో లెక్కలు, సైన్సు కలిపి 60 మార్కులు. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం ముఖం చూడని నేను ఇప్పుడు కూర్చుని కిరణజన్య సంయోగక్రియ బట్టీపట్టాలా? సమాధానం కావాలి.

కొత్త_బడి:
సార్, మేమంతా రాసే వచ్చాం. డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ కాబట్టి పాసైనవాళ్లం కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాశాం. 2018 డీఎస్సీ తర్వాత కొత్త డీఎస్సీతో నియామకాలు జరిగింది మళ్లీ 2025లోనే. అన్నేళ్లూ ట్యూషన్లు చెప్పుకుంటూ చదివాం. 150కి ఓసీలకు 90 వస్తే పాస్, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60. ఇన్నేళ్లు పాఠం చెప్పినవారికి ఆ మార్కులు కష్టమంటే పిల్లల తల్లిదండ్రులకు ఏం చెబుతాం?

గుండ్లకమ్మ:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. 2022లో ఆంధ్రాలో రిటైర్మెంట్ వయసు 62 చేశారు. అప్పుడు స్వీట్లు పంచుకున్నాం. అదే 60 ఉండి ఉంటే 56 ఏళ్ల సారుకి నాలుగేళ్లే మిగిలేవి, టెట్ గొడవే ఉండేది కాదు. ఆ రెండేళ్లే ఇప్పుడు మెడకు చుట్టుకున్నాయి.

ఓరుగల్లు_చందు:
మా దిక్కు 61 అన్నా. లెక్క ఇంకో తీరు.

పాత_సుద్దముక్క:
కష్టమని నేను అనలేదమ్మా, అనవసరం అన్నాను. రెండింటికీ తేడా ఉంది. మా ఆరో తరగతి పిల్ల ఒకతి 1/2 + 1/3 = 2/5 అని రాసింది. టెట్‌లో అయితే అది తప్పు, అక్కడితో అయిపోయింది. నేను ఆ పిల్లను పిలిచి కాగితం మడిపించాను. సగం ఎంతో చూపించింది. 2/5 ఎంతో మడవమంటే తంటాలు పడి మడిచి, సగం పక్కన పెట్టి చూసి, "సార్, కలిపితే తగ్గిందేంటి?" అని తనే అడిగింది. ఆ ప్రశ్న పిల్ల నోటి నుంచి రప్పించడానికి నాకు పదేళ్ల సర్వీసు పట్టింది. దీన్ని నాలుగు ఆప్షన్లలో ఎలా కొలుస్తారు? బిట్లు బట్టీపట్టి వచ్చినవాళ్లకు ఈ పని రాదు. చూస్తూనే ఉన్నాం కదా.

కొత్త_బడి:
ఎవర్ని చూస్తున్నారు సార్? పేరు పెట్టి చెప్పండి. బిట్లు బట్టీపట్టినదాన్ని నేనే.

మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. నేను అక్టోబర్‌లో చేరాను. మా సీనియర్ సారుకి 58, ఆయనకు టెట్ లేదు. ఆయన లెక్క ప్రకారం యాప్ కూడా లేదు. పిల్లల హాజరు నేనే, గుడ్లు, చిక్కీల లెక్క నేనే, పిల్లల ఐడీలు, అంటే అపార్ నంబర్లు నేనే, ఆయన తరగతి మార్కుల ఎంట్రీ కూడా నేనే. సర్వర్ తిరుగుతూ ఉంటుంది, నా ఎదురుగా రెండో తరగతి పిల్లలు పలకలతో కొట్టుకుంటూ ఉంటారు. "నువ్వు చిన్నదానివమ్మా, నీకు ఫోన్ చేతిలో పని" అంటారు. పై నుంచి ఆఫీసరు వస్తే మాత్రం రిజిస్టర్లన్నీ ఆయన ముందుంటాయి, నేను వెనక నిలబడాలి. అనుభవం అంటే ఇదేనా?

తండ్రి_ఒకడు:
గుడ్ల లెక్క సరే. పాఠం ఎవరు చెబుతున్నారు?

పాత_సుద్దముక్క:
మీ సీనియర్ సంగతి నాకెందుకమ్మా? నా ఎంట్రీలు నేనే చేసుకుంటాను. 2022లో ముఖం చూపించే హాజరు పెట్టినప్పుడు సిగ్నల్ కోసం వేపచెట్టు కింద ఫోన్ పైకెత్తి నిలబడినవాణ్ణి. అంతకుముందు మరుగుదొడ్ల ఫోటోలు కూడా తీశాను. ఇప్పుడు చేరినవాళ్లకు ఆ వైభవం తెలియదు.

నాగావళి:
మీరిద్దరూ ఒకే బడిలో పనిచేయడం లేదు. ఆ అమ్మాయి వాళ్ల సీనియర్‌ని తిడుతోంది, మీరు మీ బడిలో ఎవరో కొత్తవాళ్లని తిడుతున్నారు. చదివేవాళ్లకు తెలిసిపోతోంది.

నా సంగతి చెబుతాను. నేను 1998 డీఎస్సీ. మా బ్యాచ్‌లో మిగిలిపోయినవాళ్లకు మినిమం టైమ్ స్కేల్ (స్కేలులోని కనీస జీతం) మీద పోస్టింగ్ ఇచ్చింది 2023లో. ఈ మధ్యకాలమంతా మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టాను. తరగతి గదిలోకి వెళ్లేసరికి నా వయసు 52. వయసులో సారు పక్షం, సర్వీసులో అమ్మాయి పక్షం. స్టాఫ్ రూమ్‌లో ఏ కుర్చీలో కూర్చోవాలో ఇప్పటికీ తెలియదు. పాతవాళ్లకు నేను కుట్టుపని ఆవిడని, కొత్తవాళ్లకు ముసలావిడని. నాకు టెట్ రాయడానికి అభ్యంతరం లేదు. రాసినా రాయకపోయినా ఆ కుర్చీ సంగతి తేలదు.

గుండ్లకమ్మ:
1998 వాళ్లది వేరే కేసు. దాన్ని దీంట్లో కలపొద్దు. నేను అడిగేది 62 గురించి.

కొత్త_బడి:
సారు ఇంకా నాకు జవాబు చెప్పలేదు. బట్టీపట్టి వచ్చినవాళ్లకు పాఠం రాదన్న మాట వెనక్కి తీసుకుంటారా లేదా?

పాత_సుద్దముక్క:
తీసుకోను. మీరు మమ్మల్ని యాప్ రానివాళ్లుగా, చదవలేనివాళ్లుగా జమకట్టారు, అది తీసుకున్నారా?

సరే, అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాకు భయం పరీక్ష కాదు. మా మండలంలో టెట్ కోచింగ్ నడిపేది నా దగ్గర ఎనిమిదిలో లెక్కలు నేర్చుకున్న కుర్రాడు. మంచివాడు. "సార్, మీరు రండి, ఫీజు వద్దు" అని కబురు పంపాడు. ఆ బెంచీ మీద నా పక్కన ఇరవై మూడేళ్ల పిల్లలు కూర్చుంటారు, వాళ్లలో సగం మంది మా బడి పిల్లలే. నేను తప్పితే ఆ సాయంత్రానికే ఊరంతా తెలుస్తుంది. మర్నాడు తొమ్మిదో తరగతిలోకి ఏ ముఖంతో వెళ్లాలి? దీనికి మీ 90 మార్కుల లెక్కలో చోటుందా?

కొత్త_బడి:
ఉంది సార్. మేం తప్పినప్పుడు కూడా ఊరంతా తెలిసింది. పెళ్లి సంబంధాల వాళ్లు కూడా ముందు అదే అడిగారు. మాకు లేని మర్యాద మీకొక్కరికే ఎందుకు?

అయినా నా కోపం టెట్ మీద కాదు, ఇప్పుడు చెప్పేస్తున్నాను. మా సీనియర్‌కి పాఠం బ్రహ్మాండంగా వచ్చు. ఒత్తులు పలకని పిల్లాడి చేత అరచేతిలో వేలితో రాయించి, కళ్లు మూయించి చదివిస్తారు. వారం తిరక్కుండా వాడు "చక్రం" అన్నాడు. నా తరగతిలో అలాంటివాళ్లు ముగ్గురున్నారు. ఎలా చేస్తున్నారో చెప్పమని అడిగితే "మీకు కొత్త ట్రైనింగ్ ఇచ్చారుగా తల్లీ" అన్నారు. నేను ఆయన పని మొత్తం చేసిపెడుతున్నాను. ఆయన దగ్గరున్నది ఒక్క ముక్క నాకు ఇవ్వరు. నాలుగేళ్లలో రిటైరవుతారు, అదంతా ఆయనతోనే పోతుంది. దాన్ని ఏ డీఎస్సీలో రాసి తెచ్చుకోవాలి?

పాత_సుద్దముక్క:
అనరా మరి? ట్రైనింగుల్లో మా ముందు నిలబడి పిల్లల మనస్తత్వం గురించి స్లైడ్లు తిప్పేది మీ వయసువాళ్లే. మమ్మల్ని ఒక్కమాట అడిగినవాడు లేడు. అడగనివాళ్లకు చెప్పడం మా తరానికి అలవాటు లేదు.

కొత్త_బడి:
నేను అడిగాను అంటున్నాను సార్. పైన చదవండి.

నాగావళి:
ఆ అరచేతి సంగతి ఎవరైనా వివరంగా రాస్తారా? నా తరగతిలోనూ ఇద్దరున్నారు.

ఓరుగల్లు_చందు:
సారు ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. జవాబు మాత్రం లేదు.

గుండ్లకమ్మ:
ఇంతకీ 2025 సెప్టెంబర్ 1 నాటికి 56 ఏళ్ల 8 నెలలు నిండినవాళ్లు రాయాలా వద్దా? మొదటి నుంచి అడుగుతున్నాను.

తండ్రి_ఒకడు:
ఆంధ్రాలో అయితే 62కి ఇంకా అయిదేళ్ల నాలుగు నెలలు. రాయాలి. పుస్తకం తియ్యండి.