నిషి-కసాయికి కొత్త: భూకంపం వస్తే పిల్లాడితో ఏం చేయాలి?

హనుమకొండ అమ్మాయి, నిషి-కసాయి:

అందరికీ నమస్కారం. మేం టోక్యో వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. మావారి ఆఫీసు ఓతెమాచిలో. బాబుకి నాలుగేళ్లు, ఈ మధ్యనే ఇక్కడి కిండర్‌గార్టెన్, అంటే యోచియెన్‌లో చేర్పించాం. ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాం. మొన్న రాత్రి రెండు గంటలకి మా ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మోగి "జిషిన్ దెసు, జిషిన్ దెసు" అని అరిచాయి. లేచేలోపే ఇల్లు ఊగడం మొదలైంది. నేను బాబుని ఎత్తుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాను. మావారు బయటికి వద్దంటారు, నేను పోదామంటాను, ఆ గొడవలోనే ఊగడం ఆగిపోయింది. షిండో 4 (ఉన్నచోట ఎంత ఊగిందో చెప్పే జపాన్ కొలత) అని తర్వాత టీవీలో చూశాం.

2024 డిసెంబరులో ములుగు దగ్గర భూకంపం వచ్చినప్పుడు హనుమకొండలో మా ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఏమిటా అని అనుకునేలోపే అయిపోయింది. నాకు తెలిసిన భూకంపం అదొక్కటే. మొన్నటి నుంచి నాకు నిద్ర లేదు. అమ్మ రోజూ ఫోన్ చేసి వచ్చేయమంటోంది. 2011లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు పిల్లలతో ఇక్కడే ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, అప్పుడు ఇంట్లో ఏం జరిగిందో, మేం ఇప్పుడు ఏం చేసి పెట్టుకోవాలో చెప్పండి.

నెల్లూరు అక్క, నిషి-కసాయి:

చెల్లీ, నిద్ర పట్టకపోవడం మామూలే. 2011 తర్వాత నాకు మూడు నెలలు సరిగా పట్టలేదు. భూమి కదలకపోయినా కదిలినట్టే ఉంటుంది. జపాన్ వాళ్లు దీన్ని "జిషిన్-యోయి" అంటారు, భూకంపం మత్తు అన్నమాట. నేను పూజ అల్మరాకి చిన్న గంట కట్టాను. ఊగుతున్నట్టు అనిపించినప్పుడల్లా దానివైపు చూసేదాన్ని. గంట కదలకపోతే తిరుగుతున్నది నా తలే అని తెలిసేది. నువ్వూ ఒకటి కట్టుకో, చాలా ధైర్యంగా ఉంటుంది.

ఆ రోజు మార్చి 11, శుక్రవారం, మధ్యాహ్నం 2:46. మావారు మీవారిలాగే ఓతెమాచిలో. పెద్దాడికి ఐదేళ్లు, యోచియెన్‌లో ఉన్నాడు. ఎనిమిది నెలల పాప గదిలో నిద్రపోతోంది. నేను రాత్రికి కందిపప్పు కడుగుతున్నాను. మొదట చిన్నగా కదిలింది, ఆగిపోతుందిలే అనుకున్నా. ఆగలేదు, పెరుగుతూ పోయింది. పాప మీదికి వంగి, పరుపు అంచు పట్టుకుని కూర్చున్నా. నిమిషాల తరబడి ఊగింది. భూకంప కేంద్రం మాకు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రంలో ఉంది. అయినా టోక్యోలో చాలాచోట్ల షిండో 5 ఎగువ స్థాయి నమోదైంది.

వంటింట్లో డబ్బాలు పడుతున్న చప్పుడు వింటూనే ఉన్నా. ఆగాక పాపని చంకనేసుకుని అటు అడుగు పెట్టానో లేదో, కాలు జర్రున జారింది. అమ్మ పంపిన ఆవకాయ సీసా పగిలి నూనె నేలంతా పారింది. అందులో గాజు పెంకులు, వాటి మీద ఆవాలు, మెంతులు, పప్పు. పాపని వదలకుండా గోడకి ఆనుకుని నిలదొక్కుకున్నాను కానీ అరికాల్లో పెంకు దిగింది. లిఫ్టు ఆగిపోయింది. ఆ కాలితోనే ఆరో అంతస్తు నుంచి మెట్లు దిగి పెద్దాడి కోసం వెళ్లాను. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది చెప్పుల సంగతి. మంచం పక్కన, చేతికందేలా, ముగ్గురికీ గట్టి అడుగున్న చెప్పులు పెట్టుకోండి. సీసాలన్నీ కింది అరలోకి దించేయి. దీపం వెలిగించి వేరే గదిలోకి వెళ్లకు.

రాత్రి ఫోన్ మోగితే తలుపు దగ్గరికి పరిగెత్తకు. మోగాక మనకి ఉండేది కొన్ని క్షణాలే. బాబుని దుప్పట్లోకి లాక్కుని తల కప్పు. ఊగడం ఆగాక చెప్పులేసుకుని తలుపు తెరిచి పెట్టు, చట్రం వంగితే తర్వాత తెరుచుకోదు. లిఫ్టు ఎక్కకు. ఒకవేళ లిఫ్టులో ఉండగా వస్తే అన్ని అంతస్తుల బటన్లూ నొక్కి, ఎక్కడ ఆగితే అక్కడ దిగిపో. మీ బిల్డింగు 1981 జూన్ తర్వాతి నియమాల ప్రకారం కట్టిందో లేదో ఇల్లు ఇప్పించిన ఏజెంటుని అడుగు. అయితే నిశ్చింతగా లోపలే ఉండొచ్చు. హినాన్జో అని స్కూల్లో పెట్టే శిబిరం ఇల్లు దెబ్బతిన్నవాళ్ల కోసం. ఇల్లు బాగుంటే ఇంట్లోనే ఉండమంటారు.

యోచియెన్‌కి వెళ్లేసరికి పిల్లలంతా తలకి దూది కుక్కిన ముసుగులు వేసుకుని గ్రౌండ్ మధ్యలో కూర్చుని ఉన్నారు. చలిగా ఉంది, టీచర్లు పాటలు పాడిస్తున్నారు. మావాడు నన్ను చూసి ఏడవలేదు, నా కాలికి కారుతున్న రక్తం చూసి ఏడ్చాడు. అక్కడ మనం ముందే రాసిచ్చిన కాగితంలో పేరున్న మనిషికి తప్ప పిల్లాడిని ఎవరికీ అప్పగించరు. మీ కాగితంలో మీ ఇద్దరి పేర్లే ఉండి ఉంటాయి. నడిచి వెళ్లగలిగేంత దగ్గరున్న మూడో మనిషి పేరు రేపే చేర్పించు. ఎవరూ లేకపోతే నా పేరు రాయించు, నేను వచ్చి సంతకం పెడతాను.

ఇక ఫోన్లు. మావారికి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఇండియాలో అప్పుడు పొద్దున 11:16. కాసేపటికల్లా అక్కడి టీవీలన్నింట్లో సునామీ. ఈశాన్య తీరంలో ఊళ్లు మునిగిపోతుంటే అమ్మా నాన్నా చూస్తున్నారు. ఆ ఊళ్లు వేరు, మేమున్నది వేరు అని వాళ్లకెలా తెలుస్తుంది? దాదాపు ఏడు గంటలు మా గొంతు వినలేదు వాళ్లు. ఇంటర్నెట్ మాత్రం పనిచేసింది. బెంగళూరులో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఒక్క లైను మెయిల్ పెట్టాను, వాడు నెల్లూరికి ఫోన్ చేసి చెప్పాడు. మీరూ ఇండియాలో ఒక్క మనిషిని అనుకోండి. మీరిద్దరూ ఆ ఒక్కరికే కబురు పెట్టాలి, మిగతావాళ్లకి వాళ్లు చెప్పాలి. ఇక్కడ విపత్తులప్పుడు కబురు వదిలే ఫోన్ నంబరు 171 అని ఉంటుంది. 1 నొక్కి మాట రికార్డు చేయొచ్చు, 2 నొక్కి వినొచ్చు. ప్రతినెలా 1, 15 తేదీల్లో ప్రాక్టీసుకి తెరుస్తారు. మీవారితో కలిసి ఒకసారి చేసి చూడు.

మావారు అయిదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చారు. రైళ్లు లేవు. మోన్జెన్-నకాచో, తోయోచో మీదుగా, అరకావా వంతెన దాటి, పది కిలోమీటర్లకు పైగా జనం మధ్యలో నడక. కానీ మీవారు అలా వస్తారని అనుకోకు. 2013 ఏప్రిల్ నుంచి టోక్యోలో నియమం మారింది. రోడ్లు జనంతో నిండిపోతే అంబులెన్సులు కదలవని, ఉద్యోగుల్ని మూడు రోజులు ఆఫీసుల్లోనే ఉంచమని, వాళ్లకి తిండీ నీళ్లూ నిల్వ పెట్టమని కంపెనీలకి చెప్పారు. కాబట్టి మూడు రోజులు నువ్వూ బాబూ ఇద్దరే, ఫోన్ లేదు అనుకుని ఇల్లు సర్దుకో. అలా అనుకుని సర్దుకున్నాకే నాకు టెన్షన్ తగ్గింది.

ఇంటికొచ్చాక గ్యాస్ రాలేదు, స్టవ్వు పాడైందనుకున్నాం. షిండో 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మీటరే గ్యాస్ ఆపేస్తుందట, పక్కింటి ముసలాయన వచ్చి చూపించారు. అన్ని స్టవ్వులూ కట్టేసి, మీటరు మీది బటన్ నొక్కి వదిలి, మూడు నిమిషాలు ఆగాలి. ఎర్రలైటు ఆరిపోతే అన్నం వండుకోవచ్చు. ముందు వాసన చూసుకో, గ్యాస్ వాసన వస్తే మాత్రం బటన్ ముట్టుకోవద్దు. మీ మీటరు ఎక్కడుందో ఇవాళే చూసిపెట్టుకో.

ఉరయాసు అన్న:

అక్క చెప్పినవన్నీ నిజమే. మాది టోక్యో పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న షిన్-ఉరయాసు, నీళ్ల సంగతి నేను చెప్తాను. మా ఊళ్లో నాలుగింట మూడు వంతుల నేల సముద్రాన్ని పూడ్చి తీసిందే. ఆ రోజు రోడ్డు పగుళ్లలోంచి బూడిదరంగు బురద ఉబికి వచ్చింది. మ్యాన్‌హోళ్లు భూమిలోంచి నిలువుగా పైకి లేచాయి. ఇల్లు పడలేదు, కరెంటూ ఉంది. కానీ మురుగు పైపులు విరిగిపోయాయి. కొన్నిచోట్ల ఏప్రిల్ మధ్య దాకా బాత్రూం వాడుకోలేకపోయాం. మంచినీళ్లకి ట్యాంకరు దగ్గర క్యూలో నిలబడటం మనకేం కొత్త కాదు, చిన్నప్పుడు ఊళ్లో బిందెలు మోసినవాళ్లమే. ఇంట్లో ముసలివాళ్లని, పిల్లల్ని పెట్టుకుని బాత్రూం లేకుండా నెల రోజులు గడపడం మాత్రం నరకం.

అందరూ నీళ్ల సీసాలు కొంటారు. మనిషికి రోజుకి 3 లీటర్ల లెక్కన వారానికి సరిపడా కొనండి, కాదనను. కానీ వాటికంటే ముందు హోమ్ సెంటర్లో (ఇంటి సామాన్ల పెద్ద దుకాణం) దొరికే టాయిలెట్ సంచులు, వాటిలో పడ్డదాన్ని గట్టిపరిచే పొడి కొనండి. పైపులు బాగున్నాయో లేదో తెలిసేదాకా పై అంతస్తువాళ్లు నీళ్లు పోయకూడదు, కింది ఇళ్లలోకి తన్నుకొస్తుంది. మా బిల్డింగులో ఒకరు పోసేశారు, కింద ఉన్నావిడ ఏడుపు నేను మర్చిపోలేను.

హనుమకొండ అమ్మాయి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. మూడు రోజులు నేనూ బాబే అనేది నేనసలు ఊహించలేదు. రాత్రి మావారూ నేనూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంకో రెండు అడుగుతాను. మేం శాకాహారులం, స్కూల్లో శిబిరానికి వెళ్లాల్సివస్తే బాబు ఏం తింటాడు? అమ్మకి ఏం చెప్పను? మీరు అప్పుడు ఇండియా వెళ్లిపోయారా?

నెల్లూరు అక్క, నిషి-కసాయి:

శిబిరంలో ఇచ్చేది ఎక్కువగా నీళ్లు పోస్తే మెత్తబడే అన్నం, బిస్కెట్లు. వాళ్ల రుచిలో చేపపొడి ఉండొచ్చు, ఆ హడావుడిలో అడిగి తెలుసుకోవడం కష్టం. నా సంచిలో అటుకులు, పుట్నాల పొడి, బెల్లం, ప్లాస్టిక్ డబ్బాలో పులిహోర పులుసు ఉంటాయి. అటుకులు చన్నీళ్లలో నానినా చాలు, పులిహోర పులుసు కలిపితే పిల్లాడు కడుపునిండా తింటాడు. ఉగాదికీ దసరాకీ పాతవి తీసి వాడేసి కొత్తవి పెడతాను, అలా అయితే మర్చిపోను. ఆ మార్చిలో కొన్బినీల్లో, అంటే ఇక్కడి చిన్న దుకాణాల్లో, రొట్టె, పాలు, బ్యాటరీలు అన్నీ ఖాళీ. మా ఇంట్లో పది కిలోల బియ్యం, రెండు రకాల పప్పు ఉండబట్టి ఇద్దరు జపాన్ పొరుగువాళ్లకి కూడా వండిపెట్టాం. ఆ స్నేహం ఇప్పటికీ ఉంది.

మేం వెళ్లలేదు. ఫుకుషిమా అణు కేంద్రంలో పేలుళ్లు మొదలయ్యాక మా బిల్డింగులోని మనవాళ్లు చాలామంది వెళ్లారు. పాపకి జపాన్‌కి తిరిగి రావడానికి కావాల్సిన రీ-ఎంట్రీ పర్మిట్ లేదు, షినగావా ఇమ్మిగ్రేషన్ దగ్గర క్యూ చూసి వెనక్కి వచ్చాం. ఇప్పుడా బాధ లేదు. 2012 జులై నుంచి, ఏడాదిలోపు తిరిగొచ్చేట్టయితే ఎయిర్‌పోర్టులో కాగితం మీద టిక్కు పెడితే సరిపోతుంది. మీ ముగ్గురి పాస్‌పోర్టులూ, రెసిడెన్సు కార్డులూ ఒకేచోట పెట్టుకో.

ఉన్నందుకు భయపడ్డాను కూడా. మార్చి 23న మాకు నీళ్లొచ్చే కనమాచి ప్లాంటులో రేడియోధార్మిక అయోడిన్ కిలో నీళ్లకి 210 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత) వచ్చిందని, ఏడాదిలోపు పిల్లలకి కుళాయి నీళ్లు పట్టొద్దని చెప్పారు. చంటిపిల్లల హద్దు 100. అప్పటికే పాపకి ఆ నీళ్లతో పాలు కలిపాను. ఆ సీసా సింకులో పారబోస్తూ ఎంత ఏడ్చానో. మర్నాటికి 79కి తగ్గిందని చెప్పారు. చంటిపిల్లకి మూడేసి చొప్పున 550 మిల్లీలీటర్ల సీసాలు ఇచ్చారు, మావారు వెళ్లి తెచ్చారు. ఒక సీసా మూత ఇప్పటికీ నా దగ్గరుంది. పాప హైస్కూల్లో ఉంది, ఆరోగ్యంగా ఉంది. వెళ్లినవాళ్లది తప్పు కాదు, ఉన్నవాళ్లది గొప్పా కాదు. పిల్లలున్న ఇంట్లో ఎవరి ధైర్యం వాళ్లది. వెళ్లిన మా స్నేహితురాలిని పారిపోయిందని కొందరు అన్నారు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అమ్మకి షిండో గురించి చెప్పు. టీవీలో 7.2 అని రాగానే వాళ్లు బెదిరిపోతారు, అది భూకంపం మొత్తం శక్తి. షిండో అంటే నువ్వున్న చోట ఎంత ఊగిందన్నది. దీపం ఒకటే అయినా, దగ్గరున్నవాళ్లకి ఒక వెలుగు, దూరంగా ఉన్నవాళ్లకి ఒక వెలుగు కదా. ఊగినప్పుడల్లా "మాకు షిండో 3, బాగున్నాం" అని వెంటనే ఒక మెసేజ్ పెట్టు. మా అమ్మకి ఇప్పుడు షిండో లెక్క నాకంటే బాగా తెలుసు.

బాబుని తీసుకుని సుమిదాలో ఉన్న విపత్తు శిక్షణ కేంద్రం హోంజో బోసాయికాన్‌కి వెళ్లిరండి, టికెట్ లేదు. అగ్నిమాపక శాఖవాళ్లు గదిని నిజంగా ఊపి చూపిస్తారు. అక్కడ ఒకసారి బల్ల కింద దూరినవాడు ఇంట్లోనూ దూరతాడు.

హనుమకొండ అమ్మాయి:

అక్కా, యోచియెన్‌లో మీ పేరు ఇచ్చాం, ఫారం తెచ్చాను. ఇండియాలో మా తమ్ముడికి చెప్పిపెట్టాం. మీటరు తలుపు పక్క పెట్టెలో ఉంది, చూశాను. మావారు వచ్చే శనివారం ఆఫీసు నుంచి ఇంటికి ఒకసారి నడిచి చూస్తానంటున్నారు. అల్మరా ఒక్కటే మిగిలింది. బాబు మంచం పక్కనే ఉంది, ఇంటివాళ్లేమో గోడకి మేకు కొట్టనివ్వరు.

నెల్లూరు అక్క, నిషి-కసాయి:

మేకు అక్కర్లేదు, అల్మరాకీ సీలింగుకీ మధ్య బిగించే కడ్డీలుంటాయి. మా ఇంట్లో ఒక జత అదనంగా ఉంది. ఆదివారం పదింటికి తీసుకొస్తాను, ఫారం మీద సంతకం కూడా అప్పుడే పెడతాను. నేను వచ్చేదాకా బాబు మంచం అటు గోడకి జరిపి పడుకోబెట్టు.