పిల్లాడి కోపమంతా హార్మోన్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి

తిరుపతి అమ్మ: మావాడు పదో తరగతి. ఏడాదిగా చిన్న మాటకే కస్సుమంటున్నాడు. నిన్న చెల్లెలు చార్జర్ తీసిందని తలుపు విసిరికొడితే గొళ్లెం ఊడొచ్చింది. ఎవరిని అడిగినా "ఆ వయసు హార్మోన్లు, అవే సర్దుకుంటాయి" అంటున్నారు. నిజంగా అంతేనా?

చంద్రగిరి రైతు: హార్మోన్ పని చేస్తుందక్కా, కాదనలేం. కోడెకు వృషణాలు నొక్కించాక కాడికి వంగుతుంది. కానీ బాగా ముదిరి, పొడవడం మరిగాక నొక్కిస్తే ఆ బుద్ధి అంత తొందరగా పోదు. మా పక్క పశువుల పండగలో కోడెలను జనం మధ్యకి వదిలినప్పుడు చూస్తుంటాను. ఒకే ఈడు కోడెల్లో ఒకటి జనం అరుపులకు చెలరేగిపోతుంది, ఇంకోటి సందు దొరికితే ఇంటిదారి పడుతుంది.

జువాలజీ పీజీ: అన్న మాట నిజం. 1849లో జర్మనీలో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త కోడిపుంజులకు వృషణాలు తీసేస్తే కూత, పోట్లాట రెండూ పోయాయి. వృషణాన్ని మళ్లీ పొట్టలో పెడితే తిరిగొచ్చాయి. మనుషుల్లో ఇంత సూటిగా ఉండదు. 2010లో వెలువడిన ఒక స్విట్జర్లాండ్ అధ్యయనంలో ఆడవాళ్లకు టెస్టోస్టెరాన్ (వృషణాల్లో ఊరే మగ హార్మోన్) ఇచ్చి డబ్బు పంచుకునే ఆట ఆడించారు. హార్మోన్ అందినవాళ్లు ఇంకా న్యాయంగా పంచారు! తమకు అది ఇచ్చారని నమ్మినవాళ్లే, ఇచ్చినా ఇవ్వకపోయినా, స్వార్థంగా ఆడారు. అందుకే పిల్లాడు వింటుండగా "వాడికి హార్మోన్లు" అనకండి మేడం.

చిత్తూరు నర్సు: హార్మోన్ అంటే టెస్టోస్టెరాన్ ఒక్కటే కాదక్కా. మా ఆడపడుచు నెలల తరబడి అందరిమీదా విరుచుకుపడింది. గయ్యాళి అని పేరు పెట్టేశారు పాపం. ఒకరోజు కాఫీ అందిస్తుంటే చెయ్యి వణికి, గ్లాసు డబరాలో గలగలమంది. బాగా తింటున్నా చిక్కిపోయింది, గుండెదడ కూడా. చూస్తే థైరాయిడ్ ఎక్కువైంది. మందులతో మనిషి కుదుటపడింది. మీవాడికీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చేయించండి. నిద్ర కూడా చూడండి. ఈ వయసులో నిద్రకు సిద్ధం చేసే హార్మోన్ మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, తొందరగా పడుకోమన్నా నిద్ర రాదు. తెల్లారకముందే లేపితే చిరాకు రాకేం చేస్తుంది?

జిమ్ ట్రైనర్, తిరుపతి: జిమ్‌కి వెళ్తున్నాడా? కండల కోసం కొందరు తీసుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు టెస్టోస్టెరాన్ లాంటివే. వాడేవాళ్లలో కొందరికి పట్టరాని కోపం వస్తుంది. వీపు నిండా మొటిమలుంటే మెల్లగా అడగండి, తిట్టొద్దు. ఉన్నట్టుండి మానేస్తే దిగులు పట్టుకుంటుంది, డాక్టర్‌కి చూపించే ఆపించాలి.

తిరుపతి అమ్మ: జిమ్ లేదు తమ్ముడూ, చెయ్యి వణకడమూ లేదు. పడుకునేది పన్నెండుకి, ట్యూషన్‌కి లేపేది నాలుగున్నరకి. సాయంత్రం బ్యాచ్‌లో వేస్తారేమో సార్‌ని అడుగుతాను. టీఎస్‌హెచ్ ఈ వారమే చేయిస్తాం. వాడి ముందు ఆ మాట అనొద్దని మా అత్తమ్మకి కూడా చెప్పాను.