కరోల్ కింగ్‌ని వాగ్గేయకారిణి అనొచ్చా?

అడయార్ నుంచి:
సింగర్-సాంగ్‌రైటర్‌ని తెలుగులో ఏమనాలి? మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం తెస్తున్న ఉగాది సంచికకి అమెరికన్ గాయని కరోల్ కింగ్ ‘టాపెస్ట్రీ’ మీద రెండు పేజీలు రాస్తున్నాను. 1971 ఫిబ్రవరిలో వచ్చిన ఆల్బమ్. మద్రాసు మూర్ మార్కెట్ కాలిపోకముందు మా నాన్నగారు అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎల్పీ మా ఇంట్లో ఉంది. అట్ట మీద కిటికీ పక్కన చెప్పులు లేని కాళ్ళతో ఆవిడ, ముందు ఓ పిల్లి. చిన్నప్పుడు ఆ పిల్లి కోసమే అట్ట బయటికి తీసేదాన్ని. పాటలు తర్వాతెప్పుడో చెవినపడ్డాయి, ఇంక వదల్లేదు.

‘గాయని, గీత రచయిత్రి, స్వరకర్త’ అని రాస్తే సినిమా టైటిల్స్ చదివినట్టుంది. ‘వాగ్గేయకారిణి’ అంటే మా అత్తయ్యగారు “ఆవిడేమన్నా తరిగొండ వెంగమాంబా?” అన్నారు. ఏం రాయను?

టి.నగర్ నుంచి:
అత్తయ్యగారు చెప్పిందే రైటు. వాగ్గేయకారులంటే అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య. భక్తి లేని పాటకి ఆ మాటెందుకమ్మా? పాప్ గాయని అంటే సరిపోదూ.

మైలాపూర్ నుంచి:
అన్నగారూ, ఆ మాటలో భక్తి షరతు ఎక్కడా లేదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’ అనే సంగీతశాస్త్ర గ్రంథంలో చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. పాటలోని మాట మాతువు, బాణీ ధాతువు. రెండూ చేసేవాడు వాగ్గేయకారుడు. ఎవరి మీద పాడాడు, ఎందుకు పాడాడు అన్నది ఈ నిర్వచనంలోకి రాలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ‘టాపెస్ట్రీ’లో పాటలు పన్నెండు. మాటా బాణీ రెండూ కరోల్ కింగ్‌వే అయినవి ఏడు. ‘యూవ్ గాట్ ఎ ఫ్రెండ్’, ‘సో ఫార్ అవే’ వాటిలోవే. ‘ఇట్స్ టూ లేట్’కి మాటలు టోనీ స్టెర్న్ అనే ఆవిడవి. రికార్డ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తెచ్చిన పాటే అది! ‘విల్ యూ లవ్ మీ టుమారో’కి మాటలు జెరీ గోఫిన్‌వి, అంటే ఆవిడ మొదటి భర్తవి. కాబట్టి శార్ఙ్గదేవుడి లెక్కలో ఆవిడ ఏడు పాటలకి నిఖార్సైన వాగ్గేయకారిణి, మిగతా అయిదింట్లో ధాతువు వరకే.

ఇంకొకరి బాణీకి మాటలు కట్టేవాడికి కూడా ఆయన ఓ పేరు పెట్టాడు: కుట్టికారుడు. మన కోడంబాక్కం సినిమాల్లో ట్యూన్‌కి పాట రాసినవాళ్ళంతా ఆ లెక్కలోకే వస్తారు (వాళ్ళకి ఈ పేరు నచ్చుతుందనుకోను). గోఫిన్‌దీ అదే పని. కరోల్ కింగ్ ‘విల్ యూ లవ్ మీ టుమారో’ బాణీని టేపు మీద పెట్టి మాజాంగ్ ఆడుకోడానికి వెళ్తే, ఆయన కూర్చుని మాటలు రాశాడు.

వడపళని నుంచి:
అయితే అన్నమయ్య సంగతేంటి సార్? రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదుగా. ఇప్పుడు మనం వింటున్న కీర్తనలు చాలావరకు రాళ్ళపల్లి వారు, నేదునూరి వారు, బాలకృష్ణప్రసాద్ గారు కట్టిన బాణీలే.

మైలాపూర్ నుంచి:
మంచి పాయింట్. ఆయన పాడిన రోజున రెండూ ఆయనవే, కాబట్టి బిరుదుకి ఢోకా లేదు. మన చెవికి చేరేసరికి మాతువు ఒకరిది, ధాతువు ఇంకొకరిది. మరి ఆయన్ని ఒప్పుకున్నవాళ్ళం ఈవిడ దగ్గర అంత పట్టుబట్టడం దేనికి?

అమ్మాయీ, నీ వ్యాసానికి పనికొచ్చేది ఇంకోటుంది. వాగ్గేయకారుడికి ఉండాల్సిన గుణాల్లో శార్ఙ్గదేవుడు ‘హృద్యశారీరశాలిత’ని కూడా చేర్చాడు. శారీరం అంటే ఇక్కడ ఒళ్ళు కాదు, గొంతు. ఇప్పటికీ ఇక్కడి సభల్లో తమిళ రసికులు పాడేవాళ్ళ గొంతుని ‘శారీరం’ అనే అంటారు. మనవాళ్ళే మరిచిపోయారు.

కరోల్ కింగ్‌ది పెద్ద గొంతు కాదు. పై స్థాయికి వెళ్తే కాస్త గీరుకుంటుంది. ఈ ఆల్బమ్‌లోనే ఉన్న ‘నేచురల్ వుమన్’ని 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడాక ఇంకెవరైనా ముట్టుకోడానికి జంకాలి. ఈవిడ పియానో ముందు కూర్చుని, పోటీకి పోకుండా, తన మాటగా పాడేసింది. ‘విల్ యూ లవ్ మీ టుమారో’ తీసుకో. 1960లో షిరెల్స్ అనే అమ్మాయిల బృందం పాడినప్పుడు వయొలిన్లతో చలాకీగా నడిచిపోయే పాట. బాణీ కట్టేనాటికి ఈవిడకి పద్దెనిమిదేళ్ళు. 1971 జనవరిలో తనే రికార్డు చేసేనాటికి ఇరవై ఎనిమిది, ఇద్దరు పిల్లలు, గోఫిన్‌తో విడాకులు అయిపోయాయి. నడక బాగా తగ్గించి, వెనక జోనీ మిచెల్, జేమ్స్ టేలర్ గొంతు కలుపుతుండగా, రేపు కూడా ప్రేమిస్తావా అని అదే మనిషి రాసిన మాటల్లో అడుగుతుంది. అప్పుడు అడిగింది ఆశతో, ఇప్పుడు జవాబు తెలిసి అడుగుతోంది. మాట ఆవిడది కాకపోతేనేం, ఆ పాటని నేను ఆవిడ ఖాతాలోనే వేస్తాను. ఇన్నేళ్ళయినా జనం ఆ ఆల్బమ్ వినడానికి ఆ గొంతే కారణమని నా నమ్మకం.

టి.నగర్ నుంచి:
సరే, శాస్త్రం మీ వైపుంది, ఒప్పుకోక తప్పదు. కానీ చదివేవాడికి వాగ్గేయకారిణి అనగానే తంబూరా కనిపిస్తుంది. దానికేం చేస్తారు?

మైలాపూర్ నుంచి:
పక్కనే పియానో ఫొటో వేయమనండి.

ఇంకో మాట, ‘వాగేయకారిణి’ అని అచ్చేస్తుంటారు. వాక్ + గేయ, జశ్త్వ సంధి, గ కింద గ వత్తు తప్పనిసరి. ప్రూఫులో చూసుకో.

అడయార్ నుంచి:
థాంక్యూ బాబాయ్‌గారూ. శీర్షికలో వాగ్గేయకారిణి అనే పెడతాను. పన్నెండు పాటల పట్టిక వేసి, ఏది ఎవరి మాటో, ఎవరి బాణీయో పక్కన రాస్తాను. గోఫిన్ పేరు పక్కన ‘కుట్టికారుడు’ అని పెట్టనా, అత్తయ్యగారు తిట్టనుకుంటారేమో!